భుజము మోయగల దుర్భిణి

దూరమున నున్న వస్తువును చేరువగా చూపు గొట్టమును మన పెద్దలు దుర్భిణి యనిరి. ఆ దుర్భిణి ఎంత పెద్దదైన అంత మంచిదను నమ్మకము లోకములో గట్టిగా పాతుకొని యున్నది. దుకాణములో బల్లమీద నిలిపి చూచునపుడు ఆ నమ్మకము నిజమే. దానినే వీపున కట్టుకొని నాలుగు మైళ్ళు నడచి, రాతిగుట్ట యెక్కి, పైన రెండు గంటలు కూర్చున్నవానికి మాత్రము మరియొక నిజము తెలియును. ఇంటిలో విడిచి వచ్చిన గొప్ప దుర్భిణి కంటె చేత నున్న చిన్న దుర్భిణియే ఎక్కువ చూపును. ఈ రెండు నిజములకు నడుమ కొలత యెక్కడ నున్నదో నిర్ణయించుకొనుటయే దుర్భిణిని ఎన్నుకొనుట.

మేడ్చలు దాటి నాగపూరు వైపు పోవు రాజమార్గమున నున్న అత్వెల్లి గ్రామమును ఉదాహరణముగా తీసికొందము. సమీపముననే మేడ్చలు చెరువు కలదు. తూర్పు దిక్కున శామీరుపేట పెద్ద చెరువును, జవహర్ జింకల పార్కును ఉన్నవి. చుట్టుపట్ల దక్కను పీఠభూమికి సహజమైన గుండ్ల గుట్టలు. శీతకాలమున ఉత్తర దేశముల నుండి బాతులును, ఉల్లంకి జాతి పిట్టలును మన చెరువులలో దిగును. గుట్టలపైన గద్దలును, డేగలును తిరుగును. ఇట్టి చోట ఒక పాఠశాల వారు ప్రకృతి పరిశీలనమునకై ఒకే యొక దుర్భిణి కొనదలచినచో ఏ కొలతది కొనవలెను? చెరువును, గుట్టయు రెండును ఇచ్చట నుండుటచే ప్రశ్న చిక్కైనదే.

వేటకాండ్రు నేర్పిన పాఠము

నేలను చూచుటకై చేసిన ఈ ఏకనాళ దుర్భిణిని నేడు స్పాటింగ్ స్కోపు అందురు. నక్షత్రములను చూచు దూరదర్శినిలో బొమ్మ తలక్రిందులుగా నుండిన బాధ లేదు. నేలమీది చెట్టును, జంతువును చూచుటకు బొమ్మ నిటారుగా నుండవలెను. అందుకై కటకముల నడుమ పట్టకములను అమర్చెదరు. 1854లో ఇటలీ దేశస్థుడు పోరో తన పట్టకముల అమరికకు హక్కుపత్రము పొందెను. అంతకుముందు నిటారైన బొమ్మకు మరికొన్ని కటకములను చేర్చి గొట్టమును పొడవు చేయవలసి వచ్చెడిది. స్కాట్లండు కొండలలో దుప్పులను వెదకువారు ఒకదానిలో ఒకటి దూరి ముడుచుకొను ఇత్తడి గొట్టముల దుర్భిణిని వాడెడివారు. కొండవాలున వెల్లకిల పడుకొని, మోకాలిపై గొట్టమును ఆనించి, లోయలన్నియు గాలించెడివారు.

కొండలలో వేటాడువానికి దుర్భిణి తుపాకి కంటె ముందు కావలసిన పనిముట్టు. ఎదుటి శిఖరమున నున్న జంతువును చేరుటకు లోయ దిగి మరల ఎక్కవలెను. పూట గడచును. అంత శ్రమపడి చేరిన తరువాత అది చంపదగినది కాదని తేలిన ఆ శ్రమ యంతయు వ్యర్థము. తొందరపడి కాల్చిన నేరము. ఉత్తర అమెరికాలోని అలాస్కాలో డాల్ గొఱ్ఱెల వేటకు ఒక నియమము కలదు. పొట్టేలు కొమ్ము పూర్తి చుట్టు తిరిగి యుండవలెను. లేదా కొమ్ములు రెండును కొనలు విరిగి యుండవలెను. అదియు కానిచో కొమ్ముమీది యేటేటి వలయములను బట్టి దానికి ఎనిమిదేండ్ల వయస్సు నిండియుండవలెను. ఆ వలయములను దూరము నుండి లెక్కించవలెనన్న మంచి కటకము కావలెను. ఆ కటకమును, గుడారమును, పది దినముల తిండిని వీపున మోయవలెనన్న అది తేలికగా నుండవలెను. పర్వతపు వేటగాని తగవు ఇదే. అత్వెల్లి పాఠశాల తగవును, కొంచెము రూపు మారి, ఇదే.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట కాలము ముగిసినది. నల్లమలలో నిజాము కాలపు వేట విడిది యుండిన ఫర్హాబాదు నేడు అమ్రాబాదు పులుల అభయారణ్యములో భాగము. పక్షిశాస్త్రములో సైతము ఇట్టి మార్పే వచ్చినది. సలీం అలీ 1931లో హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే ప్రారంభించిన నాటి పద్ధతి ప్రకారము, పక్షిని కాల్చి, చర్మమును భద్రపరచి, చేత పట్టుకొని జాతిని నిర్ణయించెడివారు. నేడు ఆ నిర్ణయమును దూరము నుండియే చేయవలెను. తుపాకి చేసిన పనిని కటకము చేయవలసి వచ్చినది. కటకముపై బాధ్యత పెరిగినది.

ఆ బాధ్యత యెట్టిదో చూతము. ఏటేట జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైనది. అందు సామాన్యులును పాల్గొని, చెరువుల మీది పక్షులను జాతులవారీగా లెక్కించెదరు. ఒక చెరువును కాపాడవలెనని వాదించువారికి ఆ లెక్కలే ఆధారము. పిచ్చుక యంతటి ఉల్లంకి పిట్టలు రెండున్నవి. ఒకటి లిటిల్ స్టింట్. రెండవది టెమ్మింక్స్ స్టింట్. మొదటిదాని కాళ్ళు నలుపు, రెండవదాని కాళ్ళు పసుపు. కాలి లావు సుమారు రెండు మిల్లీమీటర్లు. బురద అంటిన పసుపు కాలును నల్లనిదని వ్రాసినవాడు అబద్ధమాడలేదు. అయినను లెక్కలో అబద్ధము చేరినది.

రెండు అంకెల మర్మము

స్పాటింగ్ స్కోపు మీద "20–60×65" వంటి అంకెలుండును. మొదటి రెండును ఆవర్ధనము. అనగా బొమ్మను 20 రెట్ల నుండి 60 రెట్ల వరకు పెంచవచ్చునని అర్థము. చివరిది వస్తుకటకపు వ్యాసము, మిల్లీమీటర్లలో. కొనువారి కన్ను మొదటి అంకెలపై పడును. బేరము జరుగవలసినది చివరి అంకెపై.

వస్తుకటకము వాన నీటిని పట్టు పళ్ళెము వంటిది. పళ్ళెము ఎంత వెడల్పో అంత వెలుగు పట్టును. అది వ్యాసమును బట్టి కాక, వ్యాసపు వర్గమును బట్టి పెరుగును. 50 మిల్లీమీటర్ల కటకపు వర్గము 2500. 65 దానిది 4225. 85 దానిది 7225. కనుక 85 కటకము, 65 దాని కంటె ఇంచుమించు 1.7 రెట్లు, 50 దాని కంటె దాదాపు 2.9 రెట్లు వెలుగును పట్టును.

పట్టిన వెలుగు అంతయు కంటిలోనికి పోవునా యన్నది రెండవ ప్రశ్న. వస్తుకటకపు వ్యాసమును ఆవర్ధనముచే భాగించిన, అక్షికటకము నుండి వెలువడు వెలుగు కడ్డీ వ్యాసము వచ్చును. 65 దుర్భిణిలో 20 రెట్ల కడ అది 3.25 మిల్లీమీటర్లు. 60 రెట్ల కడ 1.1 మాత్రమే. పట్టపగలు మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు మించి తెరచుకొనదు. కనుక మంచి వెలుగులో 20 రెట్ల కడ 65 కటకము ఇచ్చు వెలుగే కంటికి నిండును. 85 కటకము ఇచ్చు అదనపు వెలుగు కంటిపాప వెలుపలనే నిలిచిపోవును. సంధ్యవేళ పడుచువారి కంటిపాప ఏడు మిల్లీమీటర్ల వరకు విచ్చుకొనును. అపుడు పెద్ద కటకము నిజముగా మేలు చేయును. వేటగానికి జంతువులు తిరుగు సంధ్య ముఖ్యము. ఉదయము ఏడు గంటలకు బయలుదేరు పాఠశాల పిల్లలకు అది అంత ముఖ్యము కాదు.

మూడవది పృథక్కరణ శక్తి. దగ్గర దగ్గరగా నున్న రెండు బిందువులను వేరువేరుగా చూపు శక్తి అది. డిగ్రీలో అరువదవ వంతు నిమిషము, నిమిషములో అరువదవ వంతు సెకండు. మానవనేత్రము సుమారు 60 సెకండ్ల కోణమును విడదీయగలదు. దుర్భిణి హద్దు తెలియుటకు 116ను వస్తుకటకపు మిల్లీమీటర్లచే భాగించవలెను. దీనిని డాస్ నియమమందురు. 50 కటకమునకు హద్దు 2.3 సెకండ్లు, 65కు 1.8, 85కు 1.4.

ఇపుడు పసుపు కాలు పిట్టను తెచ్చి ఈ లెక్కలో నిలుపుదము. రెండు మిల్లీమీటర్ల కాలు నూరు మీటర్ల దూరమున సుమారు నాలుగు సెకండ్ల కోణము చేయును. దానిని కంటి హద్దుకు తెచ్చుటకే పదునైదు రెట్లు కావలెను. రంగు తేటగా తెలియుటకు ముప్పది రెట్లు కావలెను. ఆ పనిని 50 కటకమును చేయగలదు. అదే పిట్ట రెండు వందల మీటర్ల దూరమున నున్నచో కోణము రెండు సెకండ్లకు తగ్గును. అపుడు 50 కటకము హద్దు దాటి విఫలమగును. 65 కటకము అంచున నిలుచును. 85 కటకము గెలుచును. కావున పెద్ద కటకము మనకు కొనిపెట్టునది మాయ కాదు. కొంత దూరము మాత్రమే.

ఆ దూరము అవసరమా యన్నది చోటును బట్టి యుండును. చెరువులో నీటి మీద నడచి పిట్టను సమీపింపలేము. అచ్చట కటకమే నడవవలెను. మంగోలియాలో శాస్త్రజ్ఞులు మెడకు అక్షరముల పట్టీలు కట్టిన బార్‌హెడెడ్ గూస్ అను పెద్ద బాతులు హిమాలయములు దాటి కర్ణాటకపు చెరువులలో కనబడినవి. అట్టి పట్టీమీది అక్షరమును గట్టుమీద నుండి చదువుటకు 85 కటకము ఉపకరించును. గుట్టమీద మాత్రము తీరు వేరు. చాటున నాలుగడుగులు ముందుకు వేయవచ్చును. రాతిచాటున కూర్చుండి వేచియుండవచ్చును.

గాలియు, నేలయు చెప్పు తీర్పు

లెక్క గెలిచిన చోట గాలి ఓడించుట కలదు. ఎండకు కాగిన నేలమీద వేడిగాలి లేచి అలలాడును. దానిలోనుండి చూచిన పిట్ట నీటి అడుగున నున్నట్లు వణకును. దుర్భిణి పిట్టను పెంచినంతగా ఆ వణకును కూడ పెంచును. అట్టివేళ అరువది రెట్లు పెట్టినను కనబడునది ముప్పది రెట్ల వద్ద కనబడినదే, మసకగా. ఎంత పెద్ద కటకమును దీనికి మందు కాదు. తెలంగాణ గుట్టల మీద మధ్యాహ్నమున ఇరువది, ముప్పది రెట్లకు మించి వాడుట కుదురుట అరుదు. ఉదయము రెండు గంటలు, సూర్యుడు వెనుకనుండగా, గాలి నిలకడగా నుండును. మంచి కటకము కొనుటకు సొమ్ము లేనివాడు మంచి గడియను ఎన్నుకొనవచ్చును. దానికి ఖర్చు లేదు.

రెండవ శత్రువు కదలిక. ముప్పది రెట్లు పెంచు దుర్భిణిని చేత పట్టి చూచుట అసాధ్యము. ట్రైపాడు కావలెను. కొనువారు మరచునది ఇదే. పెద్ద స్కోపునకు తేలిక ట్రైపాడు పెట్టిన గాలికి ఊగును. ఊగు 85 కటకము కంటె నిలిచిన 50 కటకము ఎక్కువ చూపును. కనుక తూకము వేయునపుడు స్కోపును, ట్రైపాడును ఒకే తక్కెడలో వేయవలెను. సాధారణముగా 85 తరగతి స్కోపు కిలోన్నర నుండి రెండు కిలోల వరకు తూగును. దానిని నిలుపగల ట్రైపాడు మరి రెండు కిలోలు. 65 తరగతి స్కోపు ఒకటింబావు కిలో ప్రాంతము, దాని ట్రైపాడు కిలోన్నర. 50 తరగతి స్కోపు ముప్పాతిక కిలో, ట్రైపాడు ఒక కిలో. మొత్తము మీద నాలుగు కిలోలు, రెండుముప్పావు, ఒకటిముప్పావు అనుకొనవచ్చును.

ఉపాధ్యాయులు ఇచ్చట ఒక విషయము జ్ఞాపకము చేసికొందురు గాక. భారత ప్రభుత్వపు 2020 పాఠశాల సంచి విధానము ప్రకారము పిల్లవాని సంచి బరువు అతని దేహపు బరువులో పదవ వంతును మించరాదు. నలుబది కిలోల పిల్లవానికి నాలుగు కిలోలే హద్దు. తరగతికి పోవు సంచికి వర్తించు న్యాయము గుట్ట యెక్కు సంచికి వర్తింపదా? 85 స్కోపు ఒక్కటే ఆ హద్దును మింగివేయును. నీళ్ళ సీసాకు చోటు ఉండదు. గుట్టమీద దాహమైన పిల్లవాడు పక్షిని చూడడు, ఇంటి దారి చూచును. 65 స్కోపునకు ఇంకొక కిలోకు పైగా మిగులును. ట్రైపాడును మరియొకరికి పంచిన మోత ఇంకను తేలిక.

ఏది కొనవలెను?

నిర్ణయము పనిని బట్టి మూడు తీరులు. వాహనము చెరువుకట్ట దాక పోవుచు, అచ్చటనే నిలిచి లెక్కించువారికి 80 లేక 85 కటకము తగును. రోజుల తరబడి నల్లమల వంటి కొండలలో సామానంతయు వీపున మోయుచు నడచువారికి 50 లేక 60 కటకము మేలు. వారికి అది మెడలోని బైనాక్యులర్లకు తోడే కాని బదులు కాదు. బైనాక్యులర్లు పిట్టను దొరకబుచ్చును, స్కోపు దానిని నిర్ణయించును. చెరువును, గుట్టయు రెండును కలిగి, పిల్లలు వంతులవారీగా మోయు అత్వెల్లి వంటి చోటికి 65 కటకము సరియైనది. నూరు మీటర్ల నుండి నూటయేబది మీటర్ల లోపల అది ఏ ఉల్లంకి కాలు రంగునైనను తేల్చును. నలుబది రెట్లకు మించి వాడవలసిన అవసరము అరుదుగా వచ్చును.

కటకపు కొలత నిర్ణయమైన పిదప సొమ్మును గాజు నాణ్యతపై పెట్టవలెను. ఒకే గాజుతో చేసిన కటకము రంగులను వేరువేరు చోట్ల కూడబెట్టును. ముదురు కొమ్మ అంచున ఊదా గీత కనబడుటకు కారణము అదే. రెండు గాజులు కలిపి ఆ దోషమును తగ్గించు కటకమునకు లండనులో డోలండు 1758లో హక్కుపత్రము పొందెను. నేడు ఇ.డి. గాజు అని పేరుగలది ఆ దోషమును ఇంకను తగ్గించును. నాసి గాజుతో చేసిన 85 కంటె మేలి గాజుతో చేసిన 65 ఎక్కువ చూపును. అంగడిలో పరీక్ష సులభమే. ఏబది మీటర్ల దూరమున ఒక పది రూపాయల నోటును గోడకు అంటించి సన్నని గీతలను చూడవలెను. తరువాత ఆకాశము వెనుకనున్న ఎండుకొమ్మ అంచును చూడవలెను. గీతలు తెగక, అంచున ఊదా రంగు పట్టక యున్నచో అది నమ్మదగినది.

అక్షికటకము వంగియున్న స్కోపు పాఠశాలకు మేలు. పొట్టివాని యెత్తునకు నిలిపిన, పొడుగువాడు వంగి చూచును. తిన్నని గొట్టమున ఆ సౌకర్యము లేదు. ట్రైపాడు కాళ్ళను పూర్తిగా చాపక, నేలమీద కూర్చుండి చూచిన గాలికి ఊగదు. కాళ్ళ నడుమ రాళ్ళ సంచి వ్రేలాడదీసిన ఇంకను స్థిరము. చీకటిపడిన తరువాత ఇదే దుర్భిణిని బృహస్పతి వైపు త్రిప్పిన నాలుగు చంద్రులు కనబడుదురు. 1610 జనవరిలో గెలీలియో వానిని చూచిన దుర్భిణి పెంచినదియు సుమారు ఇరువది రెట్లే. కాని ఒక హెచ్చరిక. ఏ పరిస్థితిలోను దీనిని సూర్యుని వైపు త్రిప్పరాదు. రెప్పపాటున కన్ను పోవును. పిల్లల చేతికి ఇచ్చుటకు ముందు చెప్పవలసిన మొదటి మాట ఇదే.

పెద్ద దుర్భిణులకు మన నగరము కొత్తది కాదు. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపించిన నిజామియా వేధశాలకు 15 అంగుళముల దూరదర్శిని వచ్చినది. 1968లో రంగాపురమున 48 అంగుళముల దూరదర్శినిని నెలకొల్పిరి. వానికి బరువు దోషము కాదు. అవి కదలక యుండగా ఆకాశమే వాని ముందునుండి నడచును. నేలమీది జీవులు అట్లు నడచిరావు. వాని కొరకు మనమే నడవవలెను.

కటకము ఎంతటిదైనను చేయలేని పనియు కలదు. 1848లో శాస్త్రలోకమునకు తెలిసి, 1900 తరువాత కనబడక, అంతరించినదని తలంపబడిన మన కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరకినది. అది రాత్రివేళ ముళ్ళపొదల నడుమ తిరుగు పక్షి. దానిని దొరకబుచ్చినవి పెద్ద కటకములు కావు. రాత్రి దీపములును, ఆ నేలను ఎరిగిన స్థానికుల కన్నులును. నేలను ఎరుగని కంటికి 95 మిల్లీమీటర్ల కటకము పెట్టినను శూన్యమే పెద్దదిగా కనబడును.

కావున కొనుటకు పోవు ముందు పాఠశాల వారు ఒక పని చేయవలెను. నాలుగు కిలోల ఇసుకను ఒక సంచిలోను, రెండుముప్పావు కిలోల ఇసుకను వేరొక సంచిలోను కట్టి, ఊరిబయట గుట్ట దాక పిల్లలతో నడచి రావలెను. ఏ సంచిని మరునాడు కూడ మోయుటకు పిల్లలు ముందుకు వత్తురో, దాని బరువునకు తగిన దుర్భిణియే వారి దుర్భిణి. కటకపు కొలతను దుకాణదారుడు చెప్పగలడు. మోయగల భుజపు కొలతను ఆ నడకయే చెప్పవలెను.